సూక్ష్మదర్శిని కిందికి చేరేలోపు లోహానికి ఏమవుతుంది?

(లోహ పరీక్షశాలల్లో కొత్తగా చేరిన ఇంజినీర్లను, సాంకేతిక సిబ్బందిని ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈరోజు నేను మాట్లాడబోయేది సూక్ష్మదర్శిని గురించి కాదు. దాని కింద పెట్టడానికి ముందు ఒక లోహపు ముక్కకు మనం చేసే పని గురించి, అంటే కోయడం, దిమ్మలో బిగించడం, అరగదీయడం, మెరుగు పెట్టడం, ఆమ్లంతో ఎచింగ్ చేయడం (నిర్మాణం బయటపడేలా ముఖాన్ని కొద్దిగా కరిగించడం) గురించి. ఈ పనిని చాలాచోట్ల అసలు పరీక్షకు ముందు జరిగే సన్నాహంగా మాత్రమే చూస్తారు. కొత్తగా వచ్చినవారికి అప్పగించి, ఫోటో తీసే సమయానికి పెద్దవారు వచ్చి కూర్చుంటారు. నా అనుభవంలో ఇది తలకిందులుగా ఉన్న పద్ధతి. ఫోటోలో కనబడే దానిలో ఎంత భాగం లోహానిదో, ఎంత భాగం మన చేతిదో నిర్ణయమయ్యేది నీళ్ల కుళాయి పక్కన, తిరిగే చక్రం దగ్గర.

అపారదర్శకమైన లోహాన్ని మెరుగుపెట్టి, ఆమ్లంతో తాకించి, పరావర్తన కాంతిలో చూడవచ్చునని మొదట చూపినవాడు ఇంగ్లండులోని షెఫీల్డు నగరవాసి హెన్రీ క్లిఫ్టన్ సార్బీ. ఆయన అంతకుముందు రాళ్లను కాంతి ప్రసరించేంత పలుచటి పలకలుగా అరగదీసి వాటి నిర్మాణాన్ని అధ్యయనం చేసినవాడు. 1863లో ఆ నేర్పును ఇనుము మీదికీ ఉక్కు మీదికీ తెచ్చాడు. అప్పటిదాకా ఉక్కు నాణ్యతను విరిచిన ముఖాన్ని చూసి అంచనా వేసేవారు. విరిగిన ముఖం లోహం ఎక్కడ బలహీనంగా ఉందో చెబుతుంది తప్ప లోపలి అమరికను చూపదు. సార్బీ కన్న ముందు ఉక్కును మెరిసేలా సానపెట్టినవారు ఎందరో ఉన్నారు. కాని మెరుపు కోసం సానపెట్టడానికీ, నిర్మాణం చెడకుండా సానపెట్టడానికీ తేడా ఉందని గ్రహించి, దశదశకూ సన్నటి రాపిడి పదార్థాలను వాడుతూ నెమ్మదిగా పనిచేయడమే ఆయన విజయానికి ఆధారం. 1887లో ఎక్కువ వర్ధనంతో చూసి ప్రచురించిన వ్యాసంలో, ముత్యపు చిప్పలా మెరిసే ఒక భాగాన్ని పలుచటి పొరల దొంతరగా ఆయన వర్ణించాడు. మనం నేడు పెర్లైట్ అంటున్నది దానినే. ఆ పొరల మధ్య దూరం తరచుగా మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతులో) కొద్ది వంతు మాత్రమే ఉంటుంది. ఆ కాలపు పరికరాలతో అది కనబడిందంటే ముక్క తయారీ ఎంత శుభ్రంగా జరిగి ఉండాలో ఊహించండి.

ఇక విషయానికి వస్తాను. లోహాన్ని ఏ సాధనంతో తాకినా దాని ముఖం కింద ఒక నలిగిన పొర ఏర్పడుతుంది. రంపం తాకినా, ఎమరీ కాగితం తాకినా అంతే. పైన కనబడే గీత లోతు కొంతే అయినా, ఆ గీత అడుగున స్ఫటికాలు వంగి, జారి, చెదిరిపోయిన ప్రాంతం గీత లోతుకు ఎన్నో రెట్లు ఉంటుంది. మనం చూడదలచుకున్న నిజమైన నిర్మాణం ఆ నలిగిన పొరకు అడుగున ఉంటుంది. కాబట్టి ముక్క తయారీ అంటే ముఖాన్ని నున్నగా చేయడం కాదు. వెనుకటి దశ చేసిన గాయాన్ని అంతకన్న చిన్న గాయం చేసే సాధనంతో పూర్తిగా తొలగించడం, మిగిలిన చిన్న గాయాన్ని మరింత చిన్నదానితో తొలగించడం, అలా చివరి గాయం కంటికీ ఆమ్లానికీ అందనంత పలుచగా అయ్యేదాకా సాగడం. ఈ ఒక్క మాట మనసులో ఉంటే, ఏ దశలో ఎంతసేపు పనిచేయాలి అనే ప్రశ్నకు పుస్తకం వెతకనక్కర లేకుండానే సమాధానం దొరుకుతుంది.

మొదటి గాయం కోతతోనే మొదలవుతుంది, అది అన్నిటికన్న లోతైనది కూడా. గ్యాస్ మంటతో కోసిన ముక్క వస్తే మంట తాకిన అంచును, దాని వేడికి మారిన ప్రాంతాన్ని దూరంగా వదిలి, లోపలి నుంచి మళ్లీ కోయాలి. రాపిడి చక్రంతో కోసేటప్పుడు చల్లటి నీటిధార కోత జరిగే చోటికే చేరుతోందో లేదో చూసుకోవాలి. పక్కన ఎంత నీరు పారినా ప్రయోజనం లేదు. గట్టిపరచిన ఉక్కు విషయంలో ఇది మరీ ముఖ్యం. కోత దగ్గర వేడి పెరిగితే మార్టెన్‌సైట్ (ఉక్కును వేగంగా చల్లబరిచినప్పుడు ఏర్పడే గట్టి నిర్మాణం) టెంపర్ అయి, అంటే వేడికి సడలి, మెత్తబడుతుంది. ఉష్ణోగ్రత సుమారు 727 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ పలుచటి పొర ఆస్టెనైట్‌గా (అధిక ఉష్ణోగ్రతలో సాధారణ ఉక్కు పొందే రూపంగా) మారి, మన నీటిధారకే చల్లబడి, కొత్త మార్టెన్‌సైట్‌గా గట్టిపడుతుంది. ఆ తరువాత మీరు కొలిచే కాఠిన్యం కర్మాగారంలో జరిగిన ఉష్ణోపచారానిది కాదు, మీ కోత యంత్రానిది. కోసిన ముఖం మీద నీలిరంగు కనబడితే ఆ ముక్కను పక్కన పెట్టి మరొకటి కోయడమే మంచిది. చక్రం ఎంపికలో మొదట వింతగా అనిపించే సూత్రం ఒకటుంది: గట్టి లోహానికి మెత్తటి బంధం గల చక్రం, మెత్తటి లోహానికి గట్టి బంధం గల చక్రం వాడాలి. గట్టి లోహం చక్రంలోని రేణువుల పదును త్వరగా పోగొడుతుంది. బంధం మెత్తగా ఉంటే మొద్దుబారిన రేణువు రాలిపోయి కింది నుంచి పదునైన కొత్త రేణువు బయటపడుతుంది. బంధం గట్టిదైతే మొద్దు రేణువు అక్కడే ఉండి కోయడం మాని రుద్దుతుంది, వేడి పుట్టిస్తుంది.

కోసే దిక్కు కూడా ఫలితంలో భాగమే. రోలింగ్ చేసిన ఉక్కు రేకును దాని పొడవు వెంట కోసి చూస్తే మాంగనీస్ సల్ఫైడ్ చేరికలు (లోహంలో చిక్కుకున్న లోహేతర రేణువులు) పొడవైన దారాల్లా కనబడతాయి; అడ్డంగా కోస్తే అవే చిన్న చుక్కల్లా కనబడతాయి. రెండూ నిజమే. కాని ఏ దిక్కులో కోశారో ముక్క మీద గుర్తు పెట్టకపోతే ఆ నిజం ఎవరికీ ఉపయోగపడదు.

ముక్కను దిమ్మలో బిగించడం గురించి క్లుప్తంగా చెబుతాను. బేకలైట్ అనే ప్లాస్టిక్ పొడిలో పెట్టి 150 నుంచి 180 డిగ్రీల వేడిలో, ఒత్తిడితో అచ్చు వేయడం వేగవంతమైన పద్ధతి. ఎక్కువ ఉక్కు ముక్కలకు అది చాలు. అయితే 183 డిగ్రీల దగ్గర కరిగే తగరం–సీసం సోల్డరును, టెంపర్ చేయని మార్టెన్‌సైట్‌ను, ఒత్తిడికి నలిగిపోయే పలుచటి లేదా గుల్ల ముక్కలను ఆ అచ్చులో పెట్టకూడదు. వాటికి గది ఉష్ణోగ్రత దగ్గర గట్టిపడే ఎపాక్సీ రెసిన్ వాడాలి. ఆక్రిలిక్ రెసిన్ నిమిషాలలో గట్టిపడుతుంది కాని కుంచించుకుపోయి ముక్కకూ దిమ్మకూ నడుమ సన్నటి సందు వదులుతుంది. ఆ సందు చేసే అపకారం పెద్దది. ముందటి దశలోని ముతక రేణువులు అందులో దాక్కుని ఆఖరి మెరుగు గుడ్డ మీద బయటపడతాయి. ఆమ్లం, నీరు అందులోకి ఇంకి, ఫోటో తీసే సమయానికి బయటికి ఊరి మరకలు చేస్తాయి. ఆసరా లేని అంచు గుండ్రంగా అరిగిపోతుంది. ఉక్కు ఉపరితలం దగ్గర కర్బనం ఎంత లోతు వరకు తగ్గిందో కొలవవలసి వస్తే ఆ కొలత ఉండేది సరిగ్గా ఆ అంచులోనే. అంచే ముఖ్యమైన పనుల్లో, బిగించడానికి ముందు ముక్కకు పలుచటి నికెల్ పూత పూయడం కష్టానికి తగిన ఫలితాన్ని ఇస్తుంది.

ఎక్కువసేపు మాట్లాడదలచుకున్నది అరగదీసే కాగితాల గురించి, ఎందుకంటే చెడిన ముక్కల్లో ఎక్కువ భాగం అక్కడే చెడతాయి, అది చాలా ఆలస్యంగా బయటపడుతుంది. సిలికాన్ కార్బైడ్ కాగితాల మీద ఉండే అంకె పెరిగేకొద్దీ రేణువు చిన్నదవుతుంది. ఐరోపా ప్రమాణంలో పి240 కాగితపు రేణువు సగటున సుమారు 58 మైక్రాన్లు, పి600 సుమారు 26, పి1200 సుమారు 15. అమెరికా ప్రమాణంలో 600 అని రాసి ఉన్న కాగితపు రేణువు సుమారు 16 మైక్రాన్లు, అంటే ఐరోపా పి1200కు దగ్గరిది. అంకె ముందు ఉన్న ఒక్క అక్షరాన్ని గమనించకుండా ఒక ప్రయోగశాల పద్ధతిని మరొక ప్రయోగశాలలో అనుసరించి, గీతలు ఎందుకు పోవడం లేదని రోజుల తరబడి వెతికిన సందర్భాలు నేను చూశాను.

చేతితో అరగదీసేటప్పుడు ఒక కాగితం నుంచి తరువాతి కాగితానికి వెళ్లినప్పుడు ముక్కను తొంభై డిగ్రీలు తిప్పి పట్టుకోవాలని అందరికీ తెలుసు. పాత గీతలు అడ్డంగా, కొత్త గీతలు నిలువుగా ఉంటాయి కాబట్టి పాతవి పూర్తిగా పోయాయో లేదో కంటికే తెలుస్తుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. పాత గీత మాయమైన క్షణం సగం దారి మాత్రమే. గీత పోయింది, దాని కింది నలిగిన పొర ఇంకా ఉంది. అందుచేత పాత గీతలు పోవడానికి ఎంతసేపు పట్టిందో, ఆ తరువాత మరొక అంతసేపు అదే కాగితం మీద పనిచేయాలి. ఈ రెండవ సగాన్ని వదిలేస్తే ఏమవుతుందో ఆస్టెనైటిక్ (గది ఉష్ణోగ్రతలోనూ ఆస్టెనైట్‌గానే ఉండే) స్టెయిన్‌లెస్ స్టీలు మీద స్పష్టంగా చూడవచ్చు. మెరుగుపెట్టిన ముఖం అద్దంలా ఉంటుంది, వంద రెట్ల వర్ధనంలో ఒక్క గీత కూడా కనబడదు. ఆమ్లం తాకగానే ఎప్పుడో 240 కాగితం మీద పోయాయనుకున్న గీతలు నీడల్లా తిరిగి వస్తాయి. ఆమ్లం కొత్తగా ఏమీ సృష్టించలేదు. నలిగిన చోట లోహం త్వరగా కరుగుతుంది, అంతే.

మొద్దుబారిన కాగితాన్ని వాడటం పొదుపు కాదు. పదునైన రేణువు లోహాన్ని కోస్తుంది. మొద్దు రేణువు దున్నుతుంది, పూస్తుంది, లోతుగా నలుపుతుంది. ఉక్కు మీద ఒక సిలికాన్ కార్బైడ్ కాగితం నిజంగా కోసేది ఒకటి రెండు నిమిషాలే. ఆ తరువాత అది మనల్ని మోసం చేయడం మొదలుపెడుతుంది, ఎందుకంటే ముఖం మరింత నున్నగా కనబడుతుంది. సీసం, శుద్ధ అల్యూమినియం వంటి మెత్తటి లోహాల కష్టం వేరు: కాగితం నుంచి ఊడిన రేణువులు లోహంలోనే దిగబడి, తరువాత గట్టి చేరికల్లా కనబడతాయి. వాటికి ఒత్తిడి తగ్గించాలి, నీటిధార పెంచాలి, సన్నటి కాగితాల మీద పలుచగా మైనం రుద్దాలి.

ప్రతి దశకూ నడుమ కడగడం గురించి వేరే చెప్పనవసరం లేదనుకుంటారు కాని చెప్పి తీరాలి. ముక్కనే కాదు, చేతులనూ కడగాలి. గోటి కింద చిక్కుకున్న ఒక్క ముతక రేణువు ఒక మైక్రాన్ గుడ్డను శాశ్వతంగా పాడుచేస్తుంది.

మెరుగు పెట్టేటప్పుడు లోహం పై పొర ద్రవంలా పారి, గీతలను పూడ్చి, స్ఫటిక నిర్మాణం లేని ఒక పొరగా పరచుకుంటుందని ఇరవయ్యవ శతాబ్దం తొలి దశకాల్లో జార్జ్ బీల్బీ ప్రతిపాదించాడు. ఆ భావన చాలాకాలం నిలిచింది. ఆస్ట్రేలియాకు చెందిన లెనార్డ్ శామ్యూల్స్ తన ప్రయోగాలతో దానిని సవరించాడు: మెరుగుకు వాడే డైమండ్ రేణువు కూడా కాగితపు రేణువులాగే కోస్తుంది, కోత పరిమాణం మాత్రమే చిన్నది. ఇది పండితుల వాదం మాత్రమే కాదు. మెరుగు అంటే పూడ్చడమని నమ్మినవాడు గట్టిగా ఒత్తి రుద్దుతాడు. మెరుగు అంటే సన్నగా కోయడమని తెలిసినవాడు పదునైన రేణువును, దానిని నిలకడగా పట్టి ఉంచే గుడ్డను ఎంచుకుంటాడు. 9 లేదా 6 మైక్రాన్ల డైమండ్‌కు, 3 మైక్రాన్ల డైమండ్‌కు నూగు లేని గట్టి గుడ్డ కావాలి. ఒక మైక్రాన్ దగ్గర, ఆఖరి దశలో నూగు గుడ్డ మీద పని తక్కువసేపే ఉండాలి, ఎందుకంటే నూగు మెత్తటి భాగాలను లోతుగా, గట్టి భాగాలను తక్కువగా అరగదీసి ముఖాన్ని ఎగుడుదిగుడు చేస్తుంది. ముక్కను ఒకే దిక్కులో పట్టుకుని ఉంటే ప్రతి గట్టి చేరిక వెనుకా తోకచుక్క తోకలా ఒక చార ఏర్పడుతుంది. చక్రం తిరిగే దిక్కుకు ఎదురుగా ముక్కను నెమ్మదిగా తిప్పుతూ ఉంటే అది రాదు. ఆఖరున కొల్లాయిడల్ సిలికా (అతి సన్నటి సిలికా రేణువులు కలిసిన ద్రవం) వాడేవారు, పని ముగిసే ముందు కొన్ని క్షణాలు గుడ్డ మీద శుభ్రమైన నీటిని పారించి ముక్కను దాని మీదే కడగాలి. సిలికా ఒకసారి ముఖం మీద ఎండిపోతే దానిని తీయడానికి మళ్లీ మెరుగుపెట్టడం తప్ప దారి ఉండదు.

పోత ఇనుము ఈ విషయంలో మంచి గురువు. దానిలో పొరలుగా ఉండే గ్రాఫైట్ మెత్తనిది, పెళుసైనది. పని తక్కువైతే నలిగిన లోహం గ్రాఫైట్ మీదికి పాకి దానిని కొంత కప్పేస్తుంది, పొరలు సన్నగా కనబడతాయి. నూగు గుడ్డ మీద పని ఎక్కువైతే గ్రాఫైట్ ఊడివచ్చి, గుంత అంచులు అరిగి, పొరలు లావుగా కనబడతాయి. ఒకే పోత నుంచి తీసిన రెండు ముక్కలు రెండు రకాల ఇనుముల్లా కనబడటానికి ఇంతకన్న కారణం అక్కరలేదు. సరిగా నిలిచిన గ్రాఫైట్ నల్లటి శూన్యంలా ఉండదు. బూడిద రంగులో, లోపల అల్లిక కనబడేలా ఉంటుంది, ధ్రువిత కాంతిలో తిప్పితే వెలుగునీడలు మారుతాయి. పూర్తిగా నల్లగా, ఏ అల్లికా లేకుండా ఉంటే మీరు చూస్తున్నది గ్రాఫైట్‌ను కాదు, అది ఉండిన గుంతను.

ఇక్కడ నా స్వంత పొరపాటు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక ప్రయోగశాలకు, స్ప్రే పద్ధతిలో పూసిన సిరామిక్ పూత గల భాగాలు పరీక్షకు వచ్చాయి. పూత అడ్డుకోతలో రంధ్రాలు అనుమతించిన హద్దును మించి ఉన్నాయని నేను నివేదిక ఇచ్చాను; దాని ఆధారంగా ఆ భాగాలను పక్కన పెట్టారు. అనుభవజ్ఞురాలైన ఒక సహోద్యోగిని నా ఫోటోలు చూసి, ఆ రంధ్రాల లోపల ఏముందని మాత్రమే అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. మరొక ముక్కను ప్రకాశించే రంగు కలిపిన ఎపాక్సీతో, శూన్య పీడనంలో నింపి, ముతక కాగితాన్ని తక్కువగా, డైమండ్‌ను ఎక్కువగా వాడి మళ్లీ తయారుచేశాం. పూతలో మొదటి నుంచీ ఉన్న రంధ్రంలోకి ఎపాక్సీ చేరి ఉంటుంది, ఆ రంగు వెలుగుతుంది. మన అరగదీతలో ఊడిపోయిన రేణువు గుంతలో ఎపాక్సీ ఉండదు. నేను లెక్కపెట్టిన రంధ్రాల్లో ఎక్కువ భాగం వెలగలేదు. అవి పూతలోవి కావు, నా కాగితం ఊడబెరికినవి. నివేదికను వెనక్కి తీసుకున్నాను. మంచి భాగాలను చెడ్డవని చెప్పాను కాబట్టి జరిగినది నష్టంతోనే ఆగింది. పెళుసు కాని, సాగే గుణం గల లోహపు పూత అయి ఉంటే, అదే అజాగ్రత్త ఉన్న రంధ్రాలను పూడ్చి, చెడ్డ భాగాలను మంచివని చెప్పించేది. అప్పటి నుంచి ఫోటోలో ప్రతి నల్లటి చుక్కనూ ఆమె అడిగిన ప్రశ్ననే అడుగుతున్నాను.

ఎచింగ్‌కు ముందు ముక్కను ఒకసారి ఆమ్లం తాకకుండా చూడండి. చేరికలు, రంధ్రాలు, పగుళ్లు, గ్రాఫైట్ ఆ స్థితిలోనే అత్యంత నిజాయితీగా కనబడతాయి: మాంగనీస్ సల్ఫైడ్ లేత బూడిద రంగులో, టైటానియం నైట్రైడ్ కోణాలు గల బంగారు రంగు ముక్కల్లా. ఆ తరువాతే ఆమ్లం. సాధారణ ఉక్కుకు 98 మిల్లీలీటర్ల ఇథనాల్‌లో 2 మిల్లీలీటర్ల నైట్రిక్ ఆమ్లం కలిపిన నైటాల్ చాలు. కొన్ని క్షణాల్లో అద్దపు మెరుపు పోయి పలుచటి మసక కమ్ముకోగానే ఆపాలి. స్ఫటిక రేణువుల సరిహద్దులు ముందుగా కరిగి సన్నటి గాడులవుతాయి, గాడి నుంచి కాంతి పక్కకు చెదురుతుంది కాబట్టి అది నల్లటి గీతలా కనబడుతుంది. ఎక్కువ వర్ధనంలో చూడదలచుకుంటే ఎచింగ్ తక్కువ చేయాలి. తక్కువ వర్ధనానికి కొంచెం ఎక్కువైనా నష్టం లేదు. కార్బైడ్ల అమరికే ముఖ్యమైనప్పుడు 100 మిల్లీలీటర్ల ఇథనాల్‌లో 4 గ్రాముల పిక్రిక్ ఆమ్లం కలిపిన పిక్రాల్ నైటాల్ కన్న సమంగా పనిచేస్తుంది. ఎచింగ్‌లో నీడ గీతలు కనబడితే నిరాశపడవద్దు. ఆఖరి గుడ్డ మీద మళ్లీ మెరుగుపెట్టి, మళ్లీ ఎచింగ్ చేసి, రెండు మూడు సార్లు ఇలా మార్చిమార్చి చేస్తే మిగిలిన పలుచటి నలిగిన పొర పోతుంది. అప్పటికీ గీతలు ఉంటే తప్పు కాగితాల దగ్గర జరిగింది, అక్కడికే వెళ్లాలి.

ఈ ద్రావణాల విషయంలో తొందర పనికిరాదు. ఎప్పుడూ ఆల్కహాల్‌లోకి ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోయాలి, ఆమ్లంలోకి ఆల్కహాల్‌ను కాదు. నైట్రిక్ ఆమ్లం శాతం ఎక్కువగా ఉన్న నైటాల్‌ను బిగుతు మూత గల సీసాలో నిలవ ఉంచకూడదు. లోపల వాయువు చేరి సీసా పగలవచ్చు. పిక్రిక్ ఆమ్లం ఎండితే పేలుడు పదార్థం; దానిని ఎప్పుడూ తడిగా ఉంచాలి, సీసా మూత చుట్టూ ఎండిన పలుకులు కనబడితే తిప్పే ప్రయత్నం చేయకుండా భద్రతా సిబ్బందిని పిలవాలి. అల్యూమినియానికి వాడే కెల్లర్ ద్రావణంలో, టైటానియానికి వాడే క్రోల్ ద్రావణంలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. పలుచటి ద్రావణం చర్మం మీద పడినప్పుడు వెంటనే నొప్పి తెలియకపోవచ్చు, ఈలోగా అది లోపలికి ఇంకుతూనే ఉంటుంది. కాల్షియం గ్లూకోనేట్ లేపనం చేతికి అందే చోట లేకపోతే ఆ సీసా మూత తీయవద్దు. లేపనం ఉన్నా సరే, ఆమ్లం పడితే ముందు నీటితో కడిగి, లేపనం రాసి, వైద్యుని దగ్గరికి వెళ్లాలి.

తయారుచేసిన ముక్కకు దిమ్మ పక్కన సంఖ్య చెక్కి, తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న మూత పాత్రలో, మెరుగుపెట్టిన ముఖం పైకి ఉండేలా ఉంచండి. నివేదికలో ఫోటో కింద ఎచింగ్ ద్రావణం పేరు రాయడం అందరూ చేస్తారు. ఏ చక్రంతో కోశారో, ఏ కాగితంతో మొదలుపెట్టారో, ఆఖరి గుడ్డ మీద ఎంతసేపు ఉంచారో కూడా రాయండి. ఆరు నెలల తరువాత మరొకరు అదే పని చేసి వేరే ఫలితం పొందినప్పుడు, ఎవరి ముక్క నిజం చెబుతోందో తేల్చడానికి ఆ నాలుగు వరుసలే ఆధారం.

పక్క గదిలో మూడు సూక్ష్మదర్శినుల కింద ఒకే స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ నుంచి తీసిన మూడు ముక్కలు పెట్టించాను. మూడింటికీ ఆఖరి మెరుగు, ఎచింగ్ ఒకేలా జరిగాయి. ఒకదానికి మాత్రం 240 కాగితం మీద నేను చెప్పిన ఆ రెండవ సగం పని వదిలేశాం. ఏది అన్నది ముందుగా చెప్పను. చూసి వచ్చిన తరువాత మీ ప్రశ్నలతో మాట్లాడుకుందాం.